అన్నం మానకండి, పప్పు గిన్నె అడుగు చూడండి

అమీర్‌పేట హాస్టల్లో ఉండి కోచింగ్‌కి వెళ్తున్నానని, మూడు పూటలా కడుపునిండా తింటున్నా సాయంత్రానికి నీరసమని, పైగా పొట్ట వస్తోందని రాశారు. అన్నం మానేసి ప్రొటీన్ పౌడర్ మొదలుపెట్టాలా అన్నది మీ ప్రశ్న. నేనూ ఎస్సార్ నగర్ లేడీస్ హాస్టల్లో ఉండి చదువుకున్నదాన్నే, ఆ ప్లేటు నాకు బాగా తెలుసు. అన్నం మానక్కర్లేదు. దాని పక్కన ఏం పడుతోందో చూడాలి.

అన్నం అరిగితే గ్లూకోజ్ అవుతుంది. మెదడు నడిచేది ప్రధానంగా దానిమీదే, రోజుకు దాదాపు 120 గ్రాములు వాడుతుంది. అంటే మీలా రోజంతా చదివేవాళ్లు అన్నాన్ని శత్రువులా చూడటంలో అర్థం లేదు. వెంటనే ఖర్చు కానిది కాలేయంలోనూ కండరాల్లోనూ గ్లైకోజెన్‌గా నిలవ ఉంటుంది. కాలేయంలో పట్టేది మాత్రం ఇంచుమించు 100 గ్రాములే. రోజూ ఖర్చుకు మించి తింటూ పోతే ఆ మిగులంతా చివరికి కొవ్వుగా చేరుతుంది. కొవ్వు దాచుకోవడానికి మన ఒంట్లో చోటుకేం కొదవ లేదు, పొట్ట కథ అదే.

ప్రొటీన్‌కి అలాంటి గోదాం లేదు. తిన్న ప్రొటీన్ అమైనో ఆమ్లాలుగా విడిపోయి కండరాలకో, ఎంజైములకో, హిమోగ్లోబిన్‌కో పోతుంది. ఎక్కువైతే కాలేయం అందులోని నత్రజనిని యూరియాగా మారుస్తుంది, అది మూత్రంలో పోతుంది. మిగతా భాగం ఇంధనంగా ఖర్చవుతుంది, లేదంటే అదీ కొవ్వే. తక్కువైతే శరీరం సొంత కండనే కరిగించుకుంటుంది. అందుకే ఆదివారం చికెన్ బిర్యానీ దట్టించి వారమంతా చారన్నంతో గడిపితే లెక్క కుదరదు. రోజుకు రెండు స్కూపుల పౌడర్ తాగినా అవసరానికి మించింది కండగా మారదు.

ఎంత కావాలి? మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు. 60 కిలోలుంటే 50 గ్రాములన్నమాట. 300 గ్రాముల బియ్యం వండుకు తింటే అందులోనే ఇరవై పైచిలుకు గ్రాములు వస్తాయి. కానీ బియ్యం ప్రొటీన్‌లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, అది పప్పులో బాగా ఉంటుంది. పప్పులో మెథియోనిన్ అనే మరో అమైనో ఆమ్లం తక్కువ, దాన్ని బియ్యం పూరిస్తుంది. పప్పన్నం కలిపి తినడంలో ఇంత సంగతి ఉంది.

చిక్కల్లా హాస్టల్ పప్పుతోనే. పెద్ద గిన్నెలో పైన పసుపు నీళ్లు, తాలింపు తేలుతుంటాయి, పప్పంతా అడుగున ముద్దగా పేరుకుని ఉంటుంది. వడ్డించేవాళ్లు గరిటె పైపైన ముంచి పోస్తారు. ‘అన్నా, జర కింది నుంచి కలిపి వెయ్’ అని నేను రోజూ అడిగేదాన్ని. మొదట్లో విసుక్కున్నాడు, తర్వాత నన్ను చూడగానే గరిటె అడుగుదాకా తిప్పేవాడు. దానికి తోడు పొద్దున టిఫిన్ బండి దగ్గర ఉడకబెట్టిన గుడ్డు (ఒక్కోదాంట్లో సుమారు 6 గ్రాములు), గదిలో వేయించిన పల్లీలు, రాత్రి నానబెట్టుకున్న శనగలు, ఓ కప్పు పెరుగు. మధ్యాహ్నం క్లాసులో తల వాలిపోవడం తగ్గింది. అందులో సగం పుణ్యం అన్నం రెండోసారి పెట్టించుకోవడం మానినందుకే వచ్చిందని నా నమ్మకం.

ఇంకొకటి, తినగానే ఇరానీ చాయ్ వద్దు. టీలో ఉండే టానిన్లు పప్పులోని, ఆకుకూరలోని ఐరన్‌ని ఒంటికి సరిగ్గా పట్టనివ్వవు. గంట ఆగి తాగండి, ఉస్మానియా బిస్కెట్ ఎక్కడికీ పోదు. భోజనంతో ఇచ్చే నిమ్మచెక్కను పక్కన పెట్టకుండా పప్పులో పిండుకోండి, విటమిన్ సి ఉంటే ఐరన్ బాగా ఒంటపడుతుంది. నెలసరి వచ్చే ఆడపిల్లలకు ఇది మరీ ముఖ్యం.

ఇవన్నీ సరిచేసుకున్నా నీరసం పోకపోతే పౌడర్ కొనే డబ్బుతో ముందు డాక్టర్ దగ్గరికెళ్లి హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ చూపించుకోండి. శాకాహారులైతే బి12 కూడా. అది పప్పుల్లో, కూరగాయల్లో దొరకదు, పాలు పెరుగుల నుంచే రావాలి. హాస్టల్ మజ్జిగలో పెరుగు ఎంతుంటుందో మీకు తెలియనిదేం కాదు.