గవాచి వెలుగులో మా సినిమా

వేసవి సెలవుల్లో ఇంట్లో వస్తువులతో ఏం ఆడుకునేవాళ్ళు అని అడిగారు కదా. గోలీలు, బొంగరం, పాత సైకిల్ టైరు, మంచం మీద దుప్పటి కప్పి గుడారం, అన్నీ ఆడాం. కానీ నాకు ఇప్పటికీ కళ్ళ ముందు కనిపించేది మేం వేసిన సినిమా.

మాది తాడిపత్రి దగ్గర పల్లె, 1980ల చివరి మాట. పొద్దున పదకొండు దాటితే "ఎండకు యాడికీ పోవాకండ్రా" అని అవ్వ వాకిలికి అడ్డంగా చాప వేసుకుని పడుకునేది. మట్టి మిద్దె, కింద నల్లబండలు, తలుపు మూస్తే పట్టపగలే చీకటి. వెలుగంటే పైన గవాచిలోంచి పడేదే (మిద్దె కప్పుకు వెలుతురు కోసం పెట్టే కంతను మా వైపు గవాచి అంటారు). మే మొదట్లో మధ్యాహ్నం సూర్యుడు మాకు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు, అందుకే ఆ వెలుగు నిట్టనిలువుగా దిగి బండ మీద పడేది.

ఫ్యూజు పోయిన గుండు బల్బు ఒకటి దాచిపెట్టుకునేవాళ్ళం. దాని అడుగున ఉండే నల్ల గాజును మా అన్న మేకుతో మెల్లగా పగలగొట్టి, లోపలి తీగలు లాగేసి, కడిగి నిండా నీళ్ళు పోసి దారంతో వేలాడదీసేవాడు. నీళ్ళు నిండితే అది భూతద్దమే. నాన్న గడ్డం గీసుకునే అద్దాన్ని గవాచి వెలుగులో ఏటవాలుగా పెట్టి ఆ వెలుగును బల్బు మీదికి తిప్పి, అద్దానికీ బల్బుకీ మధ్య ఫిల్ము ముక్క పట్టుకుంటే ఎదురుగా కట్టిన తెల్లపంచె మీద ఎన్టీఆర్ ఇంతెత్తున! మొదటి రోజు తలకిందులుగా పడ్డాడు, అప్పుడు తెలిసింది ఫిల్మునే తిప్పి పట్టుకోవాలని. ఆ ముక్కలు టూరింగ్ టాకీస్ వెనక చెత్తలో ఏరుకొచ్చినవి. బొమ్మ కదలదు కాబట్టి డైలాగులు మేమే చెప్పేవాళ్ళం. ఎండ జరిగే కొద్దీ అద్దం జరపాలి, ఆ పని నాది, ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు.

టిక్కెట్టు రెండు చెనిక్కాయలు. పిల్లలందరూ విత్తనానికి దాచిన మూటల్లోంచే తెచ్చేవాళ్ళని అవ్వకు తెలిసిన రోజు బాగా కోప్పడింది. అది న్యాయమే, వానను నమ్ముకుని బతికే చోట విత్తనం కాయ అంటే మాటలా. తిడుతూనే లోపలికి వచ్చింది, పంచె మీద బొమ్మ చూసి అట్లే బండ మీద కూర్చుండిపోయింది. టాకీసుకు ఎప్పుడూ పోని మనిషి. "ఇంగోసారి పెట్టు నాయనా" అంది. అదే ముక్క ఆ మధ్యాహ్నం ఎన్నిసార్లు పెట్టామో.

మీ పిల్లలతో చేయాలనుకుంటే బల్బు పగలగొట్టే పని పెట్టుకోకండి, చేతులు తెగుతాయి. ఫిల్మూ ఇప్పుడు దొరకదు. నేను మా పాపతో చేసినప్పుడు పుస్తకాల షాపులో భూతద్దం కొని, పలుచని ప్లాస్టిక్ షీటు మీద మార్కరుతో బొమ్మలు వేయించాను. గది బాగా చీకటిగా ఉండాలి, భూతద్దం ముందుకీ వెనక్కీ జరుపుతూ ఉంటే ఒక చోట బొమ్మ తేటగా వస్తుంది. అద్దంలో వెలుగు మాత్రం ఎవరి కళ్ళలోనూ పడనీయకండి.