చైనా వైద్యం చదివితే ఎక్కడ చెల్లుతుంది?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో మంచి ర్యాంకు రాలేదు. చైనాలో అయిదేళ్ల సంప్రదాయ వైద్యం కోర్సు చేస్తే ఇక్కడా, ఆస్ట్రేలియాలోనూ ప్రాక్టీసు పెట్టుకోవచ్చని కన్సల్టెన్సీ వాళ్లంటున్నారు. పంపమంటారా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మనవాళ్లు చైనాలో చదివే ఇంగ్లిష్ మీడియం ఎంబీబీఎస్ వేరు, సూదులూ మూలికలతో చేసే ఈ వైద్యం వేరండీ. ఇలాంటి కోర్సు బ్రోషర్ ఒకటి నా దగ్గరికొచ్చింది. దాని మీద స్టెతస్కోపు బొమ్మ ఉంది, సూది మాత్రం ఎక్కడా లేదు! విదేశాల్లో ఎంబీబీఎస్ చదివినవాళ్లు ఇక్కడ రాసే ఎఫ్‌ఎంజీఈ పరీక్షను ఈ డిగ్రీతో రాయలేరు. మన ఆయుర్వేద, యునాని కౌన్సిళ్లలోనూ దీనికి చోటు లేదు. కేంద్రం 2019లో ఆక్యుపంక్చర్‌ను (సూదుల వైద్యాన్ని) గుర్తించిన మాట నిజమే. అయినా దాన్ని చూపించి గుంటూరులో డాక్టరు బోర్డు పెట్టలేరు.

ఆస్ట్రేలియాలో 2012 జూలై నుంచి ఈ వైద్యులకు దేశమంతా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అక్కడి బోర్డు ఆమోదించిన కోర్సు అక్కడే చదివితే దారి సులువు. చైనా డిగ్రీతో వెళ్తే దాన్ని విడిగా పరిశీలిస్తారు, ఇంగ్లిష్ కూడా చూస్తారు. అమెరికాలో రాష్ట్రానికో లైసెన్సు. చాలా రాష్ట్రాలు ఆక్యుపంక్చర్ జాతీయ ధ్రువీకరణ సంస్థ (ఎన్‌సీసీఏఓఎంగా పేరుపడింది) పరీక్షలు అడుగుతాయి.

ఇంత పట్టింపు ఊరికే రాలేదు. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికిచ్చిన మందులో ‘ఫాంగ్‌జీ’ మూలికకు బదులు, దాదాపు అదే పేరున్న అరిస్టొలోకియా జాతి వేరు పడింది. వందమంది దాకా ఆడవాళ్ల కిడ్నీలు దెబ్బతిన్నాయి. పరాయి దేశంలో పనిచేయాలంటే మూలికల చైనా పేర్లతో పాటు లాటిన్ పేర్లూ నోటికి రావాలి, మందుల రియాక్షన్లూ తెలియాలి.

మీ అమ్మాయికి అసలు ఈ పని మీద ఇష్టం ఉందా? మోకాలి కింద ‘జూసాన్లీ’ అనే, సూది గుచ్చే చోటుంది. మోకాలిచిప్ప కింది గుంట నుంచి నాలుగు వేళ్ల కిందికి, ఎముకకు ఒక వేలు బయటికి. కొలిచేది రోగి వేళ్లతో, వైద్యుడి వేళ్లతో కాదు. ఇలాంటివి వందల చోట్లు గుర్తుండాలి. చైనాలో చైనీస్ మీడియమైతే పాత వైద్య గ్రంథాలు ఆ భాషలోనే చదవాలి.

కన్సల్టెన్సీని ఒక్కటే అడగండి: ఏ దేశంలో, ఏ బోర్డు రిజిస్టర్ చేస్తుందో కాగితం మీద రాసివ్వమని. నీళ్లు నమిలితే అడ్వాన్సు కట్టకండి.

సూదుల మీదే మనసుంటే బీఎన్‌వైఎస్ (ప్రకృతి వైద్యం, యోగా డిగ్రీ) చూడండి. ఇంటర్న్‌షిప్‌తో అయిదున్నరేళ్లు. సిలబస్‌లో ఆక్యుపంక్చర్ ఉంది. హైదరాబాద్‌లో గాంధీ ప్రకృతి వైద్య కళాశాల ఉంది. మీది ఆంధ్ర కాబట్టి సీటు ఏ కోటాలో వస్తుందో నోటిఫికేషన్‌లో చూసుకోండి.