క్లినిక్ వదలకుండానే క్లాసులోకి: నర్స్ ప్రాక్టీషనర్‌కు అధ్యాపక దారి

ప్రశ్న: డల్లస్ దగ్గర ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్‌గా (ఎన్‌పీ, అంటే పైచదువు చదివి రోగులను పరీక్షించి మందులు రాసే నర్సుగా) ఏడేళ్లుగా పనిచేస్తున్నాను. గ్రీన్‌కార్డు వచ్చింది. మాస్టర్స్ ఇక్కడే చేశాను, ఆ అప్పు ఇంకా కడుతున్నాను. ఏడాదిన్నరగా మా క్లినిక్‌కి వచ్చే ఎన్‌పీ విద్యార్థులకు ప్రిసెప్టర్‌గా, అంటే పక్కనుండి పని నేర్పే మనిషిగా ఉంటున్నాను. నిజం చెప్పాలంటే వారంలో ఆ రోజుల కోసమే ఎదురుచూస్తాను. ఇప్పుడు దగ్గర్లోని ఒక స్టేట్ యూనివర్సిటీ వాళ్లు ఫుల్‌టైమ్ ఫ్యాకల్టీగా రమ్మంటున్నారు. జీతం మాత్రం ఏడాదికి 35 వేల డాలర్లు తక్కువ. డాక్టరేట్ కూడా మొదలుపెట్టాలట. డీఎన్‌పీ (ప్రాక్టీసు మీద చేసే నర్సింగ్ డాక్టరేట్) చేయాలా, పీహెచ్‌డీ చేయాలా? మావారు "చేతిలో ఉన్న జీతం ఎవరైనా తగ్గించుకుంటారా" అంటున్నారు. రెండు వారాల్లో జవాబు చెప్పాలి. బాగా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ముందు మీవారి మాట గురించే మాట్లాడుకుందాం. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. ఈ తేడా మీ ఒక్కరి ఆఫర్‌లోనే కాదు, దేశమంతా ఉంది. అమెరికా కార్మిక గణాంకాల బ్యూరో 2024 మే లెక్కల్లో నర్స్ ప్రాక్టీషనర్ మధ్యస్థ జీతం 1,29,210 డాలర్లు. కాలేజీల్లో నర్సింగ్ చెప్పేవాళ్లకు అది 80 వేల దగ్గరే ఆగింది. ఎక్కువ చదివి, రోగిని చూడటంతో పాటు ఇంకొకరికి చూడటం నేర్పేవాళ్లకు తక్కువ ముట్టడం నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. నర్సింగ్ బడులకు టీచర్లు దొరకకపోవడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి.

ఆ కొరత ఎంతో కూడా తెలుసుకోండి. మీరు బేరమాడేటప్పుడు పనికొస్తుంది. అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ కాలేజెస్ ఆఫ్ నర్సింగ్ 2023లో 922 కాలేజీలను అడిగితే 1,977 ఫుల్‌టైమ్ ఫ్యాకల్టీ ఉద్యోగాలు ఖాళీగా ఉన్నాయని తేలింది. అంటే 7.8 శాతం. అదే ఏడాది అర్హత ఉన్నా సీటు ఇవ్వలేక నర్సింగ్ కాలేజీలు తిప్పి పంపిన దరఖాస్తులు 65,766. టీచర్లు చాలకపోవడం, క్లినికల్ శిక్షణకు చోట్లు చాలకపోవడం అందుకు ముఖ్య కారణాలు. మరోవైపు నర్స్ ప్రాక్టీషనర్ ఉద్యోగాలు 2024 నుంచి 2034 లోపు 40 శాతం పెరుగుతాయని కార్మిక శాఖ అంచనా. చేరాలనుకునే పిల్లలు ఉన్నారు, ఉద్యోగాలు ఉన్నాయి, మధ్యలో నేర్పే మనిషి లేదు. ఆ మనిషి కోసమే యూనివర్సిటీ మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. కాబట్టి వాళ్లు ఇచ్చిన మొదటి ఆఫర్‌నే చివరిదనుకోకండి.

ఇప్పుడు నా అభిప్రాయం. ఈ ఉద్యోగం మీరు తీసుకోవచ్చు. కానీ క్లినిక్‌ను పూర్తిగా వదిలేసి మాత్రం కాదు.

అలా ఎందుకంటున్నానో చెబుతాను. ఈ వృత్తి మొదలైందే ఒక చదువుగా. 1965లో కొలరాడో యూనివర్సిటీలో లొరెటా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి మొదటి ప్రోగ్రామ్ పెట్టారు. ఊళ్లలో పిల్లలకు వైద్యం అందని చోట తిరిగి పనిచేసిన పబ్లిక్ హెల్త్ నర్సు ఆవిడ. 2025 జనవరిలో 104 ఏళ్ల వయసులో కన్నుమూశారు. రోగుల మధ్య తను చూసిన అవసరాన్నే ఆవిడ పాఠంగా మార్చారు. ఆ బంధం ఇప్పటికీ నియమంగా ఉంది: ఎన్‌పీ కోర్సుల నాణ్యతా ప్రమాణాలు కూడా పాఠం చెప్పేవాళ్లు ప్రాక్టీసులో నిలిచి ఉండాలనే అంటాయి. పైగా మీ సర్టిఫికెట్ సంగతి ఉంది. ఐదేళ్లకోసారి రెన్యూవల్. మీది నర్స్ ప్రాక్టీషనర్ల అకాడమీ బోర్డు సర్టిఫికెట్ అయితే మళ్లీ పరీక్ష రాయకుండా పొడిగించుకోవడానికి ఆ ఐదేళ్లలో వెయ్యి క్లినికల్ గంటలు, వంద గంటల నిరంతర విద్య చూపాలి. వారానికి ఒక రోజు క్లినిక్‌లో ఉంటే ఆ వెయ్యి గంటలు హాయిగా దాటిపోతాయి. ఇంకో మాట, మీరు ప్రిసెప్టర్‌గా గడిపిన గంటలు కూడా రెన్యూవల్‌లో కొంత మేరకు లెక్కకొస్తాయి. ఈ ఏడాదిన్నరలో ఏ కాలేజీ విద్యార్థికి ఎన్ని గంటలు ఇచ్చారో ఆ కాలేజీల నుంచి ఇప్పుడే రాయించి తీసుకోండి. రెండేళ్ల తర్వాత అడిగితే ఆ కోఆర్డినేటర్ అక్కడ ఉండరు, ఫైలు దొరకదు.

ఒక రోజు క్లినిక్ అనేది జీతం లెక్కను కూడా మారుస్తుంది. ఏడాదికి లక్షా ఇరవై తొమ్మిది వేలు తెచ్చే పనిలో వారానికి ఒక రోజంటే ఐదో వంతు, సుమారు పాతిక వేలు. మీరు పోగొట్టుకుంటున్న 35 వేలల్లో చాలా భాగం అక్కడే తిరిగొస్తుంది. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ రోజును యూనివర్సిటీ మీ పనిగంటల్లో భాగంగా, ఫ్యాకల్టీ ప్రాక్టీస్ పేరుతో ఇస్తే, అక్కడ వచ్చే డబ్బు కాలేజీకి పోవచ్చు, మీకు వాటా ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు. మీ సొంత టైములో చేసుకుంటే మీకే వస్తుంది, కానీ అది ఆరో రోజు అవుతుంది, ఇంట్లోవాళ్లకు ఇవ్వాల్సిన రోజు అవుతుంది. ఏది ఏమిటో ఆఫర్ లెటర్లో కాగితం మీద ఉండాలి. ఇంటర్వ్యూలో నోటిమాటగా "చూసుకుందాం లెండి" అన్నది డీన్ మారగానే గాల్లో కలిసిపోతుంది.

తొమ్మిది నెలల కాంట్రాక్టా, పన్నెండు నెలలదా అన్నది కూడా అడిగారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. తొమ్మిది నెలలదైతే 35 వేల లోటు అనేది సగం నిజమే, ఎందుకంటే మూడు నెలలు మీ చేతిలో ఉంటాయి. వేసవిలో కోర్సు చెబితే విడిగా ఇస్తారా, క్లినిక్‌లో ఎక్కువ రోజులు చేయనిస్తారా అడగండి.

ఇప్పుడు అప్పు. గ్రీన్‌కార్డు వచ్చిందన్నారు, ఆ ఒక్క మాటతో మీకు చాలా తలుపులు తెరుచుకున్నాయి. ఫెడరల్ ఆరోగ్య వనరుల సంస్థ నడిపే నర్స్ ఫ్యాకల్టీ లోన్ ప్రోగ్రామ్ అని ఒకటుంది. ఇది మీరు చేయబోయే డాక్టరేట్‌కు సంబంధించింది. ఆ పథకంలో ఉన్న కాలేజీలో చేరితే కాలేజీయే అప్పిస్తుంది. చదువయ్యాక నర్సింగ్ బడిలో ఫుల్‌టైమ్ టీచరుగా చేస్తే మొదటి మూడేళ్లు ఏటా 20 శాతం చొప్పున, నాలుగో ఏడు 25 శాతం, మొత్తం 85 శాతం అప్పు కొట్టేస్తారు. నిధులు కాంగ్రెస్ ఏటా ఇస్తేనే వస్తాయి కాబట్టి చేరేముందు ఆ ఏడాదికి నిధి ఉందా అని కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసును అడగాలి.

పాత అప్పుకు దారి వేరు. నర్స్ కోర్ లోన్ రీపేమెంట్ అనే పథకంలో అర్హమైన కాలేజీలో ఫుల్‌టైమ్ ఫ్యాకల్టీ కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఎంపికైతే రెండేళ్ల సేవకు నర్సింగ్ చదువు అప్పులో 60 శాతం కడతారు, మూడో ఏడు కూడా చేస్తే మరో 25 శాతం. అయితే ఇది పోటీ మీద వచ్చేది, దీన్నే నమ్ముకుని ఇంటి బడ్జెట్ వేయకండి. మిమ్మల్ని పిలుస్తున్నది స్టేట్ యూనివర్సిటీ కాబట్టి పబ్లిక్ సర్వీస్ లోన్ ఫర్‌గివ్‌నెస్ కింద 120 నెలసరి వాయిదాలు కట్టాక మిగిలిన ఫెడరల్ అప్పు మాఫీ అయ్యే వీలుంది. లాభం కోసం నడిచే ప్రైవేటు క్లినిక్‌లో పనిచేస్తూ కట్టిన వాయిదాలు ఈ లెక్కలోకి రావు. టెక్సాస్ ఉన్నత విద్యా సమన్వయ మండలి కూడా నర్సింగ్ అధ్యాపకుల అప్పు తీర్చడానికి సాయం చేస్తుంది, వాళ్ల దరఖాస్తు గడువు చూసుకోండి. హవాయి లాంటి కొన్ని రాష్ట్రాలు ప్రిసెప్టర్లకు ఆదాయపు పన్నులో తగ్గింపు ఇస్తున్నాయి. హవాయిలో 80 గంటల రొటేషన్‌కు, అంటే ఒక శిక్షణ విడతకు వెయ్యి డాలర్లు. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్నే లేదు, అందుకే స్నేహితులు ఎవరైనా ఈ సంగతి చెబితే మీకు అది వర్తించదని గుర్తుంచుకోండి.

హెచ్1బీ మీద ఉన్న అక్కచెల్లెళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక్క మాట. పైన చెప్పిన ఫెడరల్ నర్స్ ఫ్యాకల్టీ అప్పు, నర్స్ కోర్ సాయం పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు మాత్రమే. యూనివర్సిటీ ఉద్యోగానికి హెచ్1బీ వార్షిక లాటరీ అవసరం లేకపోవడం మాత్రం వాళ్లకు కలిసొచ్చే విషయం.

డాక్టరేట్ విషయంలో తొందరపడొద్దని గట్టిగా చెబుతాను. కారణం, చదువు అప్పుల నియమాలే మారిపోయాయి. 2025 జులై 4న సంతకమైన చట్టం గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ పైచదువు అప్పులను కొత్తవాళ్లకు 2026 జులై 1 నుంచి ఆపేసింది. మామూలు గ్రాడ్యుయేట్ కోర్సుకు ఫెడరల్ అప్పు ఏటా 20,500 డాలర్లకు, మొత్తం మీద లక్షకు పరిమితం చేసింది. ప్రొఫెషనల్ డిగ్రీ అనిపించుకున్న వాటికి ఏటా 50 వేలు, మొత్తం రెండు లక్షలు. 2025 చివర్లో విద్యాశాఖ తయారుచేసిన ప్రొఫెషనల్ జాబితాలో నర్సింగ్ లేదు. నర్సింగ్ సంఘాలన్నీ దాని మీద గొంతెత్తాయి, ఎత్తాలి కూడా. టీచర్ల కొరత ఇంతగా ఉన్నప్పుడు, టీచరు కావడానికి చేసే చదువుకే అప్పు బిగించడం నాకు చాలా బాధ కలిగించింది. మీరు చేరే నాటికి ఏ నియమం అమల్లో ఉందో కాలేజీ దగ్గర కాగితం మీద తీసుకోండి.

అసలు డాక్టరేట్ ఖర్చు మీరెందుకు మోయాలి? రమ్మంటున్నది వాళ్లు. చాలా యూనివర్సిటీలు తమ ఫ్యాకల్టీకి ఫీజు మాఫీ ఇస్తాయి. అది ఎన్ని క్రెడిట్లకు, ఏ సెమిస్టర్ నుంచి, నడుస్తున్న చదువు మధ్యలో ఉద్యోగం మానేస్తే వెనక్కి కట్టాలా అన్నది అడగండి. యజమాని కట్టే ఫీజులో ఏడాదికి 5,250 డాలర్ల వరకు ఆదాయపు పన్ను పడదు. మొదటి సెమిస్టర్లోనే డాక్టరేట్ మొదలుపెట్టాలన్న షరతును ఒక ఏడాది వాయిదా వేయమనండి. కొత్త పాఠాలు తయారుచేసుకునే ఏడాది ఎంత బరువో అక్కడున్న ఎవరికైనా తెలుసు, ఒప్పుకునే అవకాశం ఎక్కువ.

డీఎన్‌పీనా, పీహెచ్‌డీనా అంటే, మీ ఉత్తరం చదివాక నాకు డీఎన్‌పీయే తోచింది. మీకు ఇష్టమైనది విద్యార్థి పక్కన నిలబడి రోగిని చూడటం. అది క్లినికల్ ట్రాక్ ఫ్యాకల్టీ పని, దానికి డీఎన్‌పీ సరిపోతుంది. పీహెచ్‌డీ పరిశోధనకు. గ్రాంట్లు రాయడం, ఏళ్ల తరబడి ఒకే ప్రశ్న వెంట పడటం ఇష్టమైతే, పెద్ద పరిశోధనా యూనివర్సిటీలో టెన్యూర్ (శాశ్వత ఉద్యోగ హామీ) కావాలంటే అది కావాలి. డీఎన్‌పీలో పాఠం చెప్పడం ఎలాగో పెద్దగా నేర్పరు, అదొక లోటు. విద్యాబోధన మీద కొన్ని క్రెడిట్లు విడిగా చేసి, నేషనల్ లీగ్ ఫర్ నర్సింగ్ పెట్టే సర్టిఫైడ్ నర్స్ ఎడ్యుకేటర్ పరీక్ష రాస్తే ఆ లోటు తీరుతుంది.

2025 కల్లా ఎన్‌పీ ప్రవేశానికే డీఎన్‌పీ ఉండాలని నర్స్ ప్రాక్టీషనర్ ఫ్యాకల్టీల జాతీయ సంస్థ 2018లో లక్ష్యం పెట్టుకుంది. ఆ ఏడాది దాటిపోయింది, మాస్టర్స్ ప్రోగ్రాములు ఇంకా నడుస్తున్నాయి. కాబట్టి "డాక్టరేట్ లేకపోతే ఇక మీ పని అయిపోయింది" అని ఎవరైనా భయపెడితే బెదరకండి. కానీ డీఎన్‌పీ విద్యార్థులకు పాఠం చెప్పాలంటే, మున్ముందు ప్రోగ్రామ్ డైరెక్టర్ కావాలంటే డాక్టరేట్ లేకుండా చాలాచోట్ల కుదరదు.

అసలు పని ఎలా ఉంటుందో కూడా కొంచెం చెప్పాలి. 2022లో వచ్చిన ఎన్‌పీ విద్యా ప్రమాణాలు ప్రతి విద్యార్థికీ రోగిని నేరుగా చూసే గంటలు కనీసం 750 ఉండాలన్నాయి. అంతకుముందు 500 ఉండేవి. ఈ అదనపు 250 గంటలకు క్లినిక్‌లు, ప్రిసెప్టర్లు ఎక్కడినుంచి వస్తారు? విద్యార్థినే వెతుక్కోమని వదిలేయకూడదని, ఆ బాధ్యత కాలేజీదేనని అదే ప్రమాణాలు చెబుతాయి. మంచి నియమం. కానీ మీరు చేరాక ఆ ఫోన్లు ఎవరు చేస్తారు అన్నదే మీ రోజులను నిర్ణయిస్తుంది. క్లినికల్ ప్లేస్‌మెంట్‌కు విడిగా మనిషి ఉన్న కాలేజీలో మీరు పాఠం చెబుతారు. లేని కాలేజీలో సగం రోజు పరిచయస్తుల క్లినిక్‌లకు ఫోన్లు చేస్తూ గడుపుతారు. నిజానికి జీతం కంటే ముందు అడగాల్సింది ఇదేనేమో. ఒక ఫ్యాకల్టీ కింద క్లినికల్ కోర్సులో ఎంతమంది విద్యార్థులు ఉంటారో కూడా దానితోపాటే అడగండి.

పైన చెప్పిన నర్సింగ్ కాలేజీల సంఘం 2021లో తెచ్చిన కొత్త ప్రమాణాల వల్ల చదువు చెప్పే పద్ధతి కూడా సామర్థ్యాల వైపు మారుతోంది. గంటలు పూర్తిచేస్తే చాలదు, విద్యార్థి ఏం చేయగలడో చూపించాలి. నటులను రోగులుగా పెట్టి పరీక్షించడం, పక్కన కూర్చుని గమనించి మార్కులు వేయడం, ఒక్కొక్కరికీ రాతలో అభిప్రాయం చెప్పడం పెరిగాయి. ఇది మీకు నచ్చుతుందనుకుంటున్నాను, ప్రిసెప్టర్‌గా మీరు చేస్తున్నది ఇదే. అలవాటు లేనిది రాత్రి పూట విద్యార్థుల మెయిళ్లు, కమిటీ మీటింగులు, వారానికొక దొంతర కేస్ నోట్స్ దిద్దడం. క్లినిక్‌లో చార్టింగ్ ముగిస్తే రోజు ముగుస్తుంది. ఇక్కడ సెమిస్టర్ ముగిసేదాకా రోజు ముగియదు.

అందుకే ఈ రెండు వారాల్లో డీన్‌కు రెండు ప్రతిపాదనలు పంపండి. మొదటిది ఫుల్‌టైమ్: వారానికి ఒక రోజు మీ సొంత క్లినిక్, ఆ ఆదాయం మీదే. డాక్టరేట్ రెండో ఏడాది నుంచి, ఫీజు వాళ్లది. దానికి ఒప్పుకోకపోతే రెండోది: ఈ ఏడాది అడ్జంక్ట్‌గా (కోర్సుకింతని తీసుకునే పార్ట్‌టైమ్ టీచరుగా) ఒక్క క్లినికల్ కోర్సు. అడ్జంక్ట్ డబ్బు తక్కువే, బెనిఫిట్లు ఉండకపోవచ్చు. కానీ ఉద్యోగం వదలకుండా ఒక సెమిస్టర్ లోపలి నుంచి చూస్తారు, మీవారూ చూస్తారు. అడ్జంక్ట్‌గా ఒక్క కోర్సు చెబితే పైన చెప్పిన ఫెడరల్ అప్పు పథకాలకు సాధారణంగా అర్హత రాదు.

క్లినిక్‌లో రోజులు తగ్గించుకునే ముందు మీ మాల్‌ప్రాక్టీస్ పాలసీ (వైద్యంలో పొరపాటు జరిగిందని కేసు వేస్తే ఆదుకునే బీమా) తీసి చూడండి. క్లెయిమ్స్ మేడ్ రకమైతే, అంటే పాలసీ నడుస్తుండగా వచ్చిన కేసులకే వర్తించేదైతే, అక్కడ పూర్తిగా మానేసిన రోజున ఆ తర్వాత వచ్చే పాత రోగుల కేసులకు టెయిల్ కవరేజీ అనే అదనపు బీమా ఎవరు కొంటారో తేలాలి. అది వేలల్లో ఉండే ఖర్చు, చాలామందికి రాజీనామా ఇచ్చాకే తెలుస్తుంది. డీన్ నుంచి జవాబు రాగానే ఆ ఆఫర్ లెటర్ నాకు పంపండి, సంతకం పెట్టేలోపు ఇద్దరం కలిసి చదువుదాం.