నాన్న పోయినప్పుడు రాని ఏడుపు ఎద్దు పోతే వచ్చింది!

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్కారం. ఇరవై రోజుల క్రితం మా వలపటి ఎద్దు జొన్న నాము తిని చనిపోయింది. కోసిన చేలో వాన పడ్డాక పిలకలు పచ్చగా లేస్తే నేనే పలుపు విప్పి వదిలాను. గంట తిరగకముందే పడిపోయింది. పశువైద్యులు వచ్చేసరికి ప్రాణం లేదు. తొమ్మిదేళ్లుగా మా కొట్టంలో ఉన్న జత అది, కోడెలుగా ఉన్నప్పుడు కాడి అలవాటు చేసింది మా నాన్నే. నిరుడు నాన్న పోయినప్పుడు నాకు కన్నీటిచుక్క రాలేదు. ఇప్పుడు గాటి దగ్గరికి వెళితే ఏడుపు ఆగడం లేదు. ‘తండ్రికి ఏడవనివాడు గొడ్డుకు ఏడుస్తున్నాడు’ అని ఊళ్లో అంటున్నారు. నాకేమైనా జబ్బా? జతలో మిగిలిన దాపటి ఎద్దు కూడా మేత సగమే తింటోంది. దానికి మందు చెప్పండి.
– ఒక రైతు, నంద్యాల జిల్లా

సమాధానం: ముందు దాపటి ఎద్దు సంగతి చూద్దాం. తన బాధ తాను చెప్పుకోలేదు కాబట్టి మొదటి వంతు దానిదే. నాము విషం దానికీ ఎక్కిందేమోనని భయపడవద్దు. ఆ విషం నిమిషాల్లో, మహా అయితే గంటల్లో తేల్చేస్తుంది, ఇరవై రోజులు దాగి ఉండదు. ఎండ ముదరకముందు జ్వరం చూపించండి. 101.5 డిగ్రీల ఫారన్‌హీటు దగ్గర ఉంటే మామూలే. నెమరు వేస్తోందా, పేడ ఎలా వేస్తోంది, దవడ పళ్లు అరిగి నమలలేకపోతోందా అన్నవి మీ ఊరి పశువైద్యులు కాసేపట్లో చూసి చెబుతారు. అవన్నీ బాగుంటే దానికి కావలసింది మందు కాదు, తోడు. ఆవునో దూడనో దాని కంటికి ఆనేంత దగ్గరలో కట్టండి. అలవాటైన తోడు పక్కన ఉన్నప్పుడు ఆవుల గుండె నెమ్మదిగా కొట్టుకుంటుందని, పరిచయం లేని పశువును పక్కన ఉంచితే ఆ నిమ్మళం కనబడదని ఇంగ్లండులో కొలిచి చూశారు. దీన్ని దుఃఖం అనవచ్చా అన్న దగ్గర మా శాస్త్రవేత్తల మధ్యే తగవు ఉంది. ఆ తగవులో నేను దిగను. కానీ తొమ్మిదేళ్లు ఒకే కాడి మోసిన ఎద్దు ఖాళీ గుంజ వైపు చూస్తుంటే, ఆకలి పుట్టించే పొడి రాసిచ్చి చేతులు దులుపుకోలేను.

ఇక మిమ్మల్ని తినేస్తున్న మాట ‘నేనే విప్పి వదిలాను’ అన్నది. జొన్న లేత పిలకల్లో ధురిన్ అనే పదార్థం ఉంటుంది. పశువు నమిలి మింగగానే పొట్టలోని సూక్ష్మజీవులూ తోడై దాని నుంచి సైనైడు పుట్టిస్తాయి. అప్పుడు రక్తంలో ప్రాణవాయువు నిండుగా ఉన్నా ఒంటికి అందదు. అందుకే ఊపిరి కోసం కొట్టుకుంటున్న పశువు కనురెప్పల లోపల తెల్లబడకుండా ఎర్రగా మెరుస్తుంది. బెట్టకు వాడి, ఆ పైన వాన పడి చివురించిన పిలకల్లో ఈ విషం మరీ ఎక్కువ. కంటికి మాత్రం అంతకంటే మంచి మేత కనబడదు! విరుగుడు ఉంది. సోడియం నైట్రైటు, సోడియం థయోసల్ఫేటు నరానికి ఎక్కించాలి. అయితే పొలానికీ ఆసుపత్రికీ మధ్య ఉన్న దూరం చాలాసార్లు అంత సమయం ఇవ్వదు. మీరు ఆకలిగొన్న ఎద్దుకు పచ్చిమేత చూపించారు, చేసింది అంతే. ఇకమీద జొన్న మోళ్ల పిలకల్లోకి, పూతకు రాని జొన్నలోకి పశువును వదలవద్దు. పూత దాటాక కోసి బాగా ఎండబెట్టిన చొప్పతో భయం లేదు.

మీకు జబ్బేమీ లేదు. ఈ ఉద్యోగంలో చచ్చిన పశువు పక్కన కూర్చుని ఏడ్చిన మగవాళ్లను చాలామందిని చూశాను. కళ్లు తుడుచుకుని ‘ఎవరికీ చెప్పకండి సార్’ అని నన్ను బతిమాలినవాళ్లూ ఉన్నారు. తెల్లవారుజామున లేవగానే మీ కాళ్లు కుడితి గోలెం వైపు నడుస్తాయి. పలుపు ముడి కోసం వేళ్లు కదులుతాయి. ఆ మెడ మీద చెయ్యి వేయని రోజు ఈ తొమ్మిదేళ్లలో ఎన్ని? మీ నాన్నగారిని ఆఖరిసారి ఎప్పుడు అలా తాకారు? తప్పు పట్టడానికి అడగడం లేదు. మీసం వచ్చాక తండ్రిని తాకే కొడుకులు మన పల్లెల్లో తక్కువే.

అమెరికాలో ఆర్నాల్డ్ ఆర్లూక్, జాక్ లెవిన్ అనే సామాజిక శాస్త్రవేత్తలు 256 మంది విద్యార్థులకు ఒక కల్పిత వార్త ఇచ్చి చదివించారు. ఎవరో కర్రతో చితకబాదారన్నది వార్త. దెబ్బలు తిన్నది కొందరి కాగితంలో పసిబిడ్డ, కొందరికి పెద్ద మనిషి, మిగిలినవారికి కుక్కపిల్ల లేదా పెద్ద కుక్క. అందరికంటే తక్కువ జాలి పెద్ద మనిషికి దక్కింది. తనను తాను కాపాడుకోలేని ప్రాణి మీదికే మన మనసు ముందు పోతుందన్నమాట. మీ ఇంట్లో నాన్న పెద్దదిక్కు. ఎద్దుకు దిక్కు మీరు.

పైగా నాన్నగారికి దినవారాలు జరిగాయి. వచ్చినవాళ్లు పలకరించారు, మీరు వంటలూ చాపలూ చూసుకుంటూ తిరిగారు. ఎద్దుకు గొయ్యి తీసి, సున్నం చల్లి, పూడ్చి, మర్నాడు మళ్లీ పనిలో పడి ఉంటారు. ఎవరూ పలకరించని ఇలాంటి దుఃఖం గురించి కెన్నెత్ డోకా అనే ఆచార్యుడు 1989లోనే రాశారు. లోకం ఒప్పుకోని దుఃఖాన్ని మనిషి దాచుకుని మోయవలసి వస్తుందంటారు ఆయన. బ్రిటన్‌లో 2001లో గాలికుంటు వ్యాధిని అరికట్టడానికి 60 లక్షలకు పైగా పశువులను, గొర్రెలను, పందులను చంపేశారు. ఎక్కువ దెబ్బ తిన్న కంబ్రియా ప్రాంతంలో లాంకాస్టర్ విశ్వవిద్యాలయం వారు రైతుల చేత, ఆ పనిలో ఉన్నవారి చేత ఏడాదిన్నర పాటు దినచర్య రాయించారు. మందలు పోయి నెలలు గడిచినా ఆ దృశ్యాలు వదలలేదని వాళ్లు రాసుకున్నారు. పరిహారం అందినవాళ్లు కూడా.

మీ ఉత్తరంలో ఒక ముక్క మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసినట్టున్నారు. ఈ జతకు కాడి అలవాటు చేసింది నాన్నగారే అన్నారు. ఆయన అదిలింపునకు తిరిగిన ఎద్దు, ఆయన చేతి గుర్తు ఒంట్లో ఉన్న ఎద్దు అది. నేను పశువుల డాక్టరును, మనుషుల మనసు నా చదువు కాదు. అయినా నా అనుమానం చెబుతాను. గాటి దగ్గర మీరు ఏడుస్తున్నది ఒక్క ఎద్దు కోసమే కాదు, నిరుడు తీరిక దొరకని ఏడుపు కూడా అందులో కలిసి ఉంది. ఊళ్లోవాళ్లకు లెక్క తెలియలేదు. అయితే నిద్ర పట్టకపోయినా, అన్నం సహించకపోయినా, బతకాలని లేదనిపించినా మాత్రం ఆలస్యం చేయకండి. 14416 నంబరుకు ఫోను చేస్తే, మనసు బాధలకు ప్రభుత్వం నడిపే టెలీ మానస్ వారు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు.

ఒంటి ఎద్దును ఏం చేసుకుంటావని బేరగాళ్లు ఇప్పటికే వచ్చి ఉంటారు. నన్నడిగితే దాపటి ఎద్దును ఇప్పుడే సంతకు తోలవద్దు. దానికీ కాడి నేర్పింది ఆయనే కదా. మేత మునుపటిలా తినడం మొదలుపెట్టాక, ఎత్తూ నడకా కలిసే ఎద్దును వెతకండి. తెచ్చిన వెంటనే కాడి కట్టకుండా కొన్ని వారాలు విడిగా ఉంచి, రోగం లేదని తేలాక పక్కపక్కన కట్టేసి అలవాటు పడనివ్వండి. మొదట ఖాళీ బండి, ఆ తరువాతే నాగలి.