ఇంటిల్లిపాదీ కలిసి చూడదగ్గవి

ప్రశ్న: అత్తగారితోనూ, పదో తరగతి చదివే మా అబ్బాయితోనూ కలిసి చూడదగ్గ తెలుగు వెబ్‌సిరీస్‌లు సూచించగలరా?
– ఒక పాఠకురాలు, మల్కాజ్‌గిరి, హైదరాబాద్

జవాబు: తీరిక వేళల్లో చూసే సామాన్య ప్రేక్షకురాలిగా నా అభిప్రాయం చెబుతానమ్మా. ముందుగా ఈటీవీ విన్‌లో 2024లో వచ్చిన ‘నైంటీస్ – ఎ మిడిల్‌క్లాస్ బయోపిక్’ చూడండి. లెక్కల మాస్టారుగా శివాజీ, ఆయన భార్యగా వాసుకి నటించిన ఈ కథలో పెద్ద మలుపులేవీ లేకపోయినా, పొద్దున్నే మళ్లీ ఉప్మా కనబడగానే పిల్లల ముఖాలు మాడిపోవడం, మార్కుల ప్రస్తావన రాగానే ఇల్లంతా బిగుసుకుపోవడం చూస్తుంటే అచ్చం మన ఇంటి సంగతులే అనిపిస్తాయి. మీ అత్తగారికీ, అబ్బాయికీ ఒకేసారి నచ్చే గుణం దీనికుందని నా గట్టి నమ్మకం.

ప్రైమ్ వీడియోలో 2025లో వచ్చిన ‘సివరపల్లి’ కూడా నిశ్చింతగా చూడవచ్చు. పంచాయతీ కార్యదర్శిగా రాగ్ మయూర్ చక్కగా ఒదిగిపోయారు. అయితే దీనికి మాతృక అయిన హిందీ ‘పంచాయత్’ను ఇదివరకే చూసినవారికి కొత్తదనం తక్కువగానే కనిపిస్తుంది.

మన నగరం నేపథ్యంగా 2023లో హాట్‌స్టార్‌లో వచ్చిన ‘సేవ్ ది టైగర్స్’లో పాల వ్యాపారి గంటా రవిగా ప్రియదర్శి కడుపుబ్బ నవ్విస్తారు. అందులో భార్యాభర్తల కీచులాటలు, మందు ముచ్చట్లు ఎక్కువ కనుక, అబ్బాయి నిద్రపోయాక మీ దంపతులిద్దరూ చూడటం మేలు.