సందేహాలు – సమాధానాలు: మూడు ప్రాణాలు, ఇద్దరు రోబోలు

సందేహం: మేం ఐదుగురం హైస్కూలు నాటి స్నేహితులం. గంటకింత అని చెల్లించి వీడియో గేములు ఆడుకున్న రోజుల నుంచి పాతికేళ్లకు పైగా కలిసి ఆడుతున్నాం. సైన్స్ ఫిక్షన్ పుస్తకాలు ఒకరికొకరం ఇచ్చిపుచ్చుకుని చదువుతున్నాం. ఇప్పుడు తలో ఊళ్లో ఉన్నా, ఆదివారం రాత్రి కంప్యూటర్ల ముందు కలుస్తాం. ఆడుతూ ‘నాకింకా రెండు ప్రాణాలున్నాయి’, ‘నేను చచ్చాను, వచ్చి బతికించరా’, ‘వెనక నుంచి ఇద్దరు రోబోలు వస్తున్నారు’ అని అరుచుకుంటాం. మా నాన్నగారు తెలుగు పండితులుగా పనిచేశారు. ‘ప్రాణాలు’ నిత్య బహువచనం కాబట్టి లెక్కపెట్టకూడదని, చచ్చినవాడు ‘చచ్చాను’ అనడం అసంబద్ధమని, యంత్రాలను ‘ఇద్దరు’ అనడం దోషమని ఆయన అభ్యంతరం. ఇంకొక చిన్న సందేహం. మాలో ఒకడు రాని రోజున వాడి బదులు కంప్యూటరే ఆడుతుంది. అప్పుడు మేం నలుగురమా, ఐదుగురమా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: మీ నాన్నగారి మొదటి అభ్యంతరానికి శాస్త్రబలం ఉంది. సంస్కృతంలో జీవం అనే అర్థంలో ప్రాణ శబ్దం బహువచనంలోనే ఉంటుంది. ప్రాణ, అపాన, వ్యాన, ఉదాన, సమాన వాయువులు ఐదూ కలిస్తే ఒక మనిషి ప్రాణాలు. ‘అసువులు’ కూడా అలాంటిదే. ‘అసువులు బాశాడు’ అంటాం గానీ ‘అసువు బాశాడు’ అనం. తెలుగులోనూ ఇలాంటి మాటలకు కొదవ లేదు. నీళ్లు, పాలు, వడ్లు, కందులు ఎప్పుడూ బహువచనాలే. చూడటానికి ఏకవచనంలా ఉండే ‘బియ్యం’ కూడా ‘ఉడికింది’ అనే క్రియను దగ్గరికి రానివ్వదు. ‘బియ్యం ఉడికాయి’ అనాల్సిందే. ఇటువంటి మాటల ముందు సంఖ్య నిలవదు. మూడు గ్లాసుల నీళ్లు ఉంటాయి గానీ మూడు నీళ్లు ఉండవు. మీ నాన్నగారి ఆలోచన ఈ దారిలో నడిచింది.

అయితే ‘ప్రాణం’ తెలుగులోకి వచ్చాక ఏకవచనంలో కూడా హాయిగా స్థిరపడింది. ‘ప్రాణం విసిగింది’, ‘ఒంట్లో ప్రాణం లేదు’, ‘వాడంటే దానికి ప్రాణం’ అనే మాటలు వినని ఇల్లు ఉండదు. ఏకవచనం ఉన్న మాటకు లెక్క కూడా వస్తుంది. రోడ్డు ప్రమాదంలో మూడు ప్రాణాలు పోయాయని పత్రికలు రాస్తూనే ఉన్నాయి. అక్కడ ముగ్గురు మనుషులవి మూడు, ఆటలో ఒక్కడివే మూడు. తేడా ఆట నియమంలో ఉంది, వ్యాకరణంలో కాదు. 1978లో జపానులో టొమొహిరో నిషికాడో రూపొందించిన స్పేస్ ఇన్వేడర్స్‌లో ఆటగాడికి మూడు అవకాశాలుండేవి. మిగిలినవి ఎన్నో తెరకు అడుగున చిన్న ఫిరంగి బొమ్మలు చెప్పేవి. అంటే అక్కడ కంటికి కనిపించేవి ఫిరంగులే. వాటిని ప్రాణాలుగా భావించి లెక్కపెట్టుకున్నది ఆడేవాళ్లు. మీరు తెలుగులో చేసినదీ అదే. ‘రెండు ప్రాణాలున్నాయి’ నిర్దుష్టమైన వాక్యం.

ఒక్క జాగ్రత్త మాత్రం చెబుతాను. ‘నా ప్రాణాలు పోయాయి’ అంటే మామూలు తెలుగులో ఒక మనిషి ఒకేసారి పోయినట్టు. ఆటలో అది ఎన్ని పోయాయో చెప్పదు. అందుకని ‘ఒక ప్రాణం పోయింది’, ‘ప్రాణాలన్నీ పోయాయి’ అని విడమరచండి. ఉన్నచోటు నుంచే ఆట కొనసాగితే ప్రాణం పోయిందనండి. అన్నీ వదులుకుని కొత్త పాత్రతో మొదటి నుంచి రావలసి వస్తే ‘ఇంకో జన్మ ఎత్తాను’ అనండి. ఈ రెండింటికీ మన భాషలో వేర్వేరు మాటలు సిద్ధంగా ఉండగా రెండింటినీ ‘లైఫ్’ అనే ఒకే మాటలో కుక్కడం నష్టం. బొమ్మలు లేకుండా కేవలం వాక్యాలతో నడిచే పాత గుహాసాహసం ఆట మీకు తెలిసే ఉంటుంది. 1976లో విల్ క్రౌథర్ రాసిన దాన్ని మరుసటి ఏడాది డాన్ వుడ్స్ పెంచాడు. అందులో మనం చస్తే, మళ్లీ పుట్టించమంటారా అని ఆటే అడుగుతుంది. ఆ ప్రశ్నను తెలుగు చేయడానికి ఎవరూ నిఘంటువు తెరవనక్కరలేదు. ఆ ఆటకు ఆజ్ఞలు రెండేసి మాటల్లో ఇవ్వాలి. ఇంగ్లీషులో క్రియ ముందు, వస్తువు తరువాత. తెలుగులో అయితే ‘లాంతరు తీసుకో’ అని వస్తువే ముందు నిలబడుతుంది. అలాంటి ఆటను ఎవరైనా తెలుగులో చేస్తే ఆజ్ఞను చివరి మాట నుంచి చదవడం యంత్రానికి నేర్పవలసి ఉంటుంది.

ఇక ‘చచ్చాను’. ఈ మాటను సమర్థించడం నాకు ఇష్టమైన పని.

చచ్చు ధాతువుకు చస్తాను, చచ్చాను, చావను అని ఉత్తమ పురుష రూపాలన్నీ ఉన్నాయి. తన చావును తాను చెప్పలేడు కాబట్టి భూతకాల రూపం ఉండకూడదనుకుంటే, ‘నవ్వలేక చచ్చాను’, ‘ఆ మెట్లెక్కలేక చచ్చాను’ అనేవారందరినీ తప్పుపట్టాలి. అయితే మీ వాడుకకు అంతకంటే దగ్గరి ఆధారం ఊరి బడి వెనక మట్టిలో ఉంది. చెడుగుడు ఆడేటప్పుడు కూతకు వెళ్లినవాడు ఇద్దరిని తాకి, కూత తెగకుండా గీత చేరాడంటే ఆ ఇద్దరూ చచ్చారు. ‘ఔటయ్యారు’ అనే మాట తరువాత వచ్చింది. మేం ఆడుకున్నప్పుడు ‘చచ్చాడు’ అనే అనేవాళ్లం. చచ్చినవాళ్లు గీత పక్కన వరసగా కూర్చునేవారు. తమవాళ్లు అవతలి జట్టులో ఎందరిని చంపితే ఇవతల అందరు లేస్తారు, అది కూడా చచ్చిన వరసలోనే. మోకాళ్లకు మట్టితో కూర్చున్న పిల్లవాడు ‘ముందు చచ్చింది నేను, నేను బతకాలి’ అని పోట్లాడటం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ‘ముందు చచ్చింది నేను’ అనే ఆ వాక్యంలో వ్యాకరణ దోషం ఏమిటో చూపించమని మీ నాన్నగారిని గౌరవంగా అడగండి. మీరు ఆదివారం రాత్రి ‘నేను చచ్చాను, వచ్చి బతికించరా’ అంటున్నారంటే, కంప్యూటర్ పుట్టకముందు నుంచి ఉన్న ఆటల భాష మాట్లాడుతున్నారు. అష్టాచెమ్మాలోనూ అంతే. ఎదుటివాడి కాయను ‘చంపాలి’, మన కాయ ‘పండాలి’. ఒక్క చదరంగంలో మాత్రం రాజును చంపం, ‘ఆటకట్టు’ అంటాం. పులిజూదంలో మేకలు పులిని కట్టేసినట్టే.

మీలో ఎవరైనా ‘చనిపోయాను’ అంటుంటే మాత్రం మానమనండి. చను అంటే వెళ్లడం. చనిపోవడం అంటే మాటకు మాటగా వెళ్లిపోవడమే. నిజమైన మరణాన్ని మర్యాదతో చెప్పడానికి ఆ మాటను వాడుకుంటున్నాం. దాన్ని ఆటలోకి దించితే ఇంట్లో పెద్దవాళ్లు ఉలిక్కిపడతారు. అశుభాన్ని నేరుగా పలకకూడదని దీపం ‘కొండెక్కింది’, బియ్యం ‘నిండుకున్నాయి’ అనే వాళ్లం మనం.

ఈ సందర్భంలో మీకు ఒక మాట ఇవ్వాలని ఉంది. ఆటలో తెర మూలన ఒక గీత ఉంటుంది కదా, దెబ్బ తగిలినప్పుడల్లా తరుగుతూ వచ్చేది. దానికి ఆరోగ్యరేఖ, జీవశక్తి పట్టిక లాంటి పేర్లు కల్పించడం చూశాను. నాకు అవి రుచించలేదు. తెలుగువాడికి ఆ గీత ఎప్పటినుంచో తెలుసు, దాని పేరు నూకలు. ప్రమాదం నుంచి బయటపడినవాణ్ని ‘భూమ్మీద ఇంకా నూకలున్నాయి’ అంటాం. పోయినవాడికి ‘నూకలు చెల్లాయి’ అంటాం. ఒక్కొక్క గింజా తరిగిపోయే ఆ గీతకు ఇంతకంటే సరిపడే మాట నాకు తట్టలేదు. ‘నాకు నూకలు తక్కువున్నాయి, మందు పెట్టె ఇటు విసురు’ అని ఒకసారి అని చూడండి. విచిత్రం ఏమిటంటే ఇదే చావును మనం తలకిందులుగా కూడా చెబుతాం: ‘వాడికి నూరేళ్లు నిండాయి.’ ఒక జాతీయంలో గీత ఖాళీ అవుతుంది, ఇంకొక దానిలో నిండుతుంది. తెరమీద తరిగే గీతకు మాత్రం నూకలే తగును.

ఇప్పుడు రోబోలు. ఇక్కడ మీ మాట, మీ నాన్నగారి మాట రెండూ నిలుస్తాయి. ఏది ఎప్పుడన్నదే చూడాలి.

పరవస్తు చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో నామవాచకాలను మహత్తు, మహతి, అమహత్తు అని విడదీశాడు. పురుషులను చెప్పేవి మహత్తులు, స్త్రీలను చెప్పేవి మహతులు, పశువులూ జడాలూ అమహత్తులు. ఏకవచనంలో స్త్రీ క్రియారూపం అమహత్తుతో కలుస్తుంది: ఆమె వచ్చింది, బండి వచ్చింది. బహువచనంలో మహత్తుతో కలుస్తుంది: స్త్రీలు వచ్చారు, బండ్లు వచ్చాయి. కాబట్టి ‘రోబో వచ్చింది’ అన్నంతవరకు మీరు దాన్ని వస్తువుగా చూస్తున్నారో, ఆడమనిషిగా చూస్తున్నారో ఎవరికీ తెలియదు. రెండో రోబో వచ్చిందా, దాపరికం తీరిపోతుంది. ‘రెండు రోబోలు వచ్చాయి’, ‘ఇద్దరు రోబోలు వచ్చారు’ – ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. సైన్స్ ఫిక్షన్ కథకుడు పుటలకొద్దీ చర్చించే ప్రశ్నను తెలుగు వాక్యం క్రియ దగ్గరే అడుగుతుంది. నాకు ఈ భాష మీద ఉన్న ప్రేమకు ఇలాంటివే కారణం.

యంత్రం కాబట్టి మహత్తు కారాదన్న వాదం మన వాడుక ముందు నిలవదు. చంద్రుడు ప్రాణం లేని రాతిముద్ద. అయినా పాఠ్యపుస్తకంలో సైతం ‘చంద్రుడు భూమి చుట్టూ తిరుగుతాడు’. భూమి మాత్రం ‘తిరుగుతుంది’. రాయి మహత్తు అయినప్పుడు రోబో కాకూడదా? పైగా ఆ మాట పుట్టినచోటు చూడండి. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన నాటకంతో రోబో లోకంలోకి వచ్చింది. పేరు సూచించింది ఆయన అన్న యోసెఫ్. చెక్ భాషలో ‘రోబోత’ అంటే జమీందారు పొలంలో కౌలురైతు జీతం లేకుండా చేసే బలవంతపు పని. తెలుగులో దానికి అచ్చంగా సరిపోయే మాట వెట్టి. ఆ నాటకంలో రోబోలు ఇనుపబొమ్మలు కావు, మనుషుల్లాగే కనిపించే కృత్రిమ దేహులు, చివరికి తిరగబడతారు. ‘తిరగబడతాయి’ అని రాయడానికి నాకు చేయి రాలేదు.

రాతలో మీరు పాటించదగిన పద్ధతి ఇది. మాటలో మనిషి ఉంటే క్రియలో కూడా మనిషిని ఉంచండి. ‘మరమనిషి’ అంటే ‘ఇద్దరు మరమనుషులు వచ్చారు’. ‘గ్రహాంతరవాసి’లో వాసి అంటే నివసించేవాడు కనుక ‘గ్రహాంతరవాసులు దిగారు’. ‘గ్రహాంతర జీవి’ అంటే ‘జీవులు దిగాయి’. రోబో అనే మాటలో మనిషి లేడు. ఫ్యాక్టరీలో బోల్టులు బిగించేవైతే ‘రెండు రోబోలు’, మాట్లాడి, పథకం వేసి, వెనక నుంచి చుట్టుముట్టేవైతే ‘ఇద్దరు రోబోలు’ దోషం కాదు.

చివరిగా మీ జట్టు లెక్క. ‘-గురు’ చేరిన సంఖ్యలు మనుషులకే చెల్లుతాయి, కాబట్టి వ్యాసంలోనో ఉత్తరంలోనో రాసేటప్పుడు ‘మేం నలుగురం, ఒక కంప్యూటర్’ అనండి. ఆట నడుస్తుండగా సంగతి వేరు. మన పిల్లల ఆటల్లో లెక్కలోకి రానివాడు ఒక్కడే, ‘ఆటలో అరటిపండు’. మరీ చిన్నవాడు ఏడుస్తాడని చేర్చుకుంటారు. వాణ్ని ఎవరూ చంపరు, వాడు ఎవరిని చంపినా చెల్లదు. 1993లో వచ్చిన వీడియో గేమ్ డూమ్‌లో ఐ, డి, డి, క్యూ, డి అనే ఐదు అక్షరాలు వరసగా కొడితే ఏ దెబ్బా తగలని స్థితి వచ్చేది. ఇంగ్లీషు ఆటగాళ్లు దాన్ని దైవత్వంగా చెప్పుకున్నారు. మీ గుంపులో ఎవరైనా ఆ పని చేస్తే అరటిపండు అనే పిలవండి. మీ ఐదోవాడి స్థానంలో ఆడే కంప్యూటర్‌కు ఆ వెసులుబాటు లేదు కదా. దానికీ నూకలు చెల్లుతాయి, అదీ మీతోపాటు చచ్చి గీత పక్కన కూర్చుంటుంది, ఎవరో ఒకరు వెళ్లి బతికించాలి. కాబట్టి ఆదివారం రాత్రి ‘మనం ఐదుగురం’ అని అరుచుకోండి.