ఇస్లాం గురించి పాట, బుర్రకథ, వీడియోల ద్వారా చెప్పొచ్చా? పీర్ల పండగ విషయంలో ఏం చేయాలి?

అస్సలాము అలైకుమ్.

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: మీ ఊరి కుర్రాళ్లంతా కలిసి తెలుగులో ఇస్లాం గురించి పాటలు, చిన్న వీడియోలు చేద్దామనుకుంటున్నారు. మసీదు పెద్దల్లో కొందరికి అది నచ్చడం లేదు. మరోపక్క ఊళ్లో పీర్ల పండగ ఘనంగా జరుగుతుంది. ఆ సందర్భంలో దీన్ (మన ధర్మం) గురించి మాట్లాడాలా, దానికి దూరంగా ఉండాలా అని మీ సందేహం.

చెప్పొచ్చు, చెప్పాలి కూడా. అయితే ఫోన్‌తో మొదలుపెట్టకండి. జనం ఇప్పటికే ఎక్కడ కూర్చుని వింటున్నారో అక్కడికి ముందు వెళ్లండి. అక్కడ పాడేవాళ్లను, కథ చెప్పేవాళ్లను కలుపుకోండి. వీడియో సంగతి తర్వాత చూసుకోవచ్చు. మా వైపు కొన్నేళ్లుగా ఈ పని చేస్తున్నవాళ్లలో నేనూ ఒకణ్ని కాబట్టి, చూసింది చూసినట్టు చెబుతాను.

మాది నూర్‌బాషా కుటుంబం. దూదేకులోళ్లు అంటారు కదా, మేమే. ఇంట్లో మాట్లాడేది తెలుగే. చిన్నప్పుడు జుమాకు, అంటే శుక్రవారం నమాజుకు వెళ్తే బయాన్ (మత ఉపన్యాసం) మొత్తం ఉర్దూలో ఉండేది. మా నాన్న, ఆయన పక్కన కూర్చున్న పెద్దలు తల వంచుకుని భక్తిగా వినేవారు. ఇంటికొచ్చాక ఇమాం సాబ్ ఏం చెప్పారని అడిగితే చెప్పలేకపోయేవారు. ప్రవక్త మనవడు హుస్సేన్ అమరుడైన కర్బలా గురించి మాత్రం మా నానమ్మకు పూసగుచ్చినట్టు తెలుసు. ఆమె చదువుకోలేదు. మసీదులో ఎప్పుడూ అడుగు పెట్టలేదు. ఊళ్లో ఆడవాళ్లెవరూ పెట్టలేదు. పీర్ల చావిడి దగ్గర రాత్రుళ్లు పాడే పాటలు విని నేర్చుకుంది. హసన్, హుస్సేన్ అన్నదమ్ములని, ఫురాత్ (యూఫ్రటీస్) నది ఒడ్డున పిల్లలు గుక్కెడు నీళ్లకు అల్లాడారని, నీళ్ల కోసం వెళ్లిన అబ్బాస్ తిరిగి రాలేదని నాకు మొదట చెప్పింది ఆమే. ఆ పాటలు పాడినవాళ్లలో ఎక్కువ మంది ముస్లింలు కారు.

పాటతో దీన్ చెప్పడం కొత్త పోకడ అని మీ పెద్దలు అంటే, దక్కన్ చరిత్ర వాళ్ల ముందు పెట్టండి. బీజాపూర్ చుట్టుపక్కల సూఫీల సంప్రదాయంలో చక్కీనామా, చర్ఖానామా అనే పాటలుండేవి. తిరగలి తిప్పుతూ, రాట్నం వడుకుతూ ఆడవాళ్లు దఖ్నీలో (దక్కన్ ఉర్దూలో) పాడుకునేవి. తిరగలి పిడి అరబీ మొదటి అక్షరం అలిఫ్‌లా నిలబడి అల్లాహ్ పేరును గుర్తు చేస్తుందని, మధ్యలో ఇరుసు ప్రవక్త అని అందులో చెప్పారు. పిండి విసిరే మనిషికి పిండి విసురుతుండగానే తౌహీద్ (దేవుడొక్కడే అన్న మాట) చెప్పడం అది. కేరళలో ఖాజీ ముహమ్మద్ 1607లో రాసిన ముహ్యిద్దీన్ మాల అనే భక్తి పాటను మాప్పిళా ముస్లింల ఇళ్లలో సాయంత్రాలు పాడుకునేవారు. తమిళంలో ఉమరు పులవర్ ప్రవక్త జీవితాన్ని సీరాప్పురాణం అనే కావ్యంగా మలిచారు. మన దగ్గరా కొరత లేదు. ఖురాన్‌ను తెలుగులోకి తెచ్చిన తొలి పండితుడు చిలుకూరి నారాయణరావు గారు. పిఠాపురం ఉమర్ అలీషా గారు ఫార్సీ నుంచి ఉమర్ ఖయ్యాం రుబాయీలను నేరుగా తెలుగు పద్యాల్లోకి దించారు. తెలుగు ఈ పనికి చాలదని ఎవరైనా అంటే నాకు బాధేస్తుంది.

మసీదు నుంచి మొదలుపెడదాం, ఎందుకంటే అక్కడ దారి మీరు అనుకుంటున్నంత కష్టం కాదు. హనఫీ సంప్రదాయం పాటించే మసీదుల్లో జుమా ఖుత్బా (నమాజుతో పాటు తప్పనిసరిగా ఇచ్చే ప్రసంగం) అరబీలోనే ఇస్తారు, దాని జోలికి వెళ్లనక్కర్లేదు. దానికి ముందు చేసే బయాన్ ఫలానా భాషలోనే ఉండాలని నియమమేమీ లేదు. ఉర్దూలో చెప్పడం అలవాటుగా వచ్చింది, అంతే. మేం ఇమాం సాబ్‌ను అడిగింది ఒక్కటే: మీరు చెప్పేది చెప్పండి, చివర్లో మాకు ఓ పది నిమిషాలివ్వండి, అదే విషయాన్ని తెలుగులో చెబుతాం అని. ఆయనకు తెలుగు మాట్లాడటం వచ్చు కానీ చదవడం రాదు. కొన్నాళ్లకు ఆయనే సగం తెలుగులో చెప్పడం మొదలుపెట్టారు. అప్పటిదాకా మసీదు నుంచి అత్తరు వాసన తప్ప ఏమీ మోసుకెళ్లని కుర్రాళ్లు బయటికొచ్చి మాటల మధ్య ఆ రోజు విన్న హదీసు (ప్రవక్త మాట) గురించి వాదించుకోవడం చూశాను. ఒక్క వీడియో తీయకముందే ఇంత జరిగింది.

ఇక పీర్ల పండగ. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను. తెలంగాణలో, రాయలసీమలో, మా వైపు ఊళ్లలో ఇది ముస్లింల పండగ మాత్రమే కాదని మీకు తెలుసు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామి పీరు దగ్గరికి వచ్చే జనంలో అన్ని కులాలవాళ్లూ ఉంటారు. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి రొట్టెలు మార్చుకునేవాళ్ల మతం ఎవరూ అడగరు. కుళ్లాయప్ప, మస్తానమ్మ, హుస్సేనమ్మ, పీరయ్య అనే పేర్లు హిందువుల ఇళ్లలో ఎన్ని ఉన్నాయో మీ ఊళ్లోనే లెక్కపెట్టొచ్చు. ఇమామ్ హుస్సేన్ (రజి) పేరు విని కన్నీళ్లు పెట్టుకునేవాళ్లు ఇంతమంది మన పక్కనే ఉన్నారు. ఇంతకన్నా మంచి శ్రోతలు ఎక్కడ దొరుకుతారు?

ఒకసారి పట్నం నుంచి ఒక బృందం మా ఊరొచ్చింది. చావిడి ముందే నిలబడి, ఇదంతా షిర్క్ (అల్లాహ్‌కు సాటి కల్పించడం), ఇక్కడికొచ్చేవాళ్లు నరకానికి పోతారని గట్టిగా చెప్పి వెళ్లారు. పీరు ఎత్తే మనిషి తాతముత్తాతల నుంచి ఆ సేవ చేస్తున్నాడు. మొహర్రం పది రోజులూ ఒంటిపూట తింటాడు, చెప్పులేసుకోడు. ఆయన ఏమీ అనలేదు కానీ ఆ తర్వాత చాలాకాలం టోపీ పెట్టుకున్న కుర్రాడు కనిపిస్తే మాట్లాడకుండా పక్కకు తిరిగిపోయేవాడు. పీర్లను మొక్కడం, కోరికలు కోరడం విషయంలో నా నమ్మకమూ స్పష్టమే: దువా (వేడుకోలు) అల్లాహ్‌నే అడగాలి. ఎవరైనా అడిగితే అదే చెబుతాను, దాచను. కానీ ఆ మాట చెప్పడానికి ముందు ఆ మనిషి నా మాట వినే స్థితిలో ఉండాలి కదా.

అందుకే మేం వేరే దారిలో వెళ్లాం. గుండం తొక్కే రాత్రి కన్నా ముందు రోజు చావిడి పెద్దల దగ్గరికి వెళ్లి, పానకం బిందెలు మేం పెడతాం, పాటలకు ముందు ఓ అరగంట కర్బలా గురించి చెప్పుకుంటాం అని అడిగాం. ఒప్పుకున్నారు. 680లో ఏం జరిగింది, హుస్సేన్ అప్పటి పాలకుడు యజీద్‌కు ఎందుకు తలవంచలేదు, మన ఊళ్లో ఈ రోజు పానకం ఎందుకు పోస్తాం అన్నవి తెలుగులో, మామూలు మాటల్లో చెప్పాం. ఎవరినీ తప్పుపట్టలేదు. అయిపోయాక ఓ ముసలాయన లేచి, హుస్సేన్ నమాజు చేస్తుండేవాడా అని అడిగాడు. యుద్ధం మధ్యలోనూ నమాజు వదల్లేదని చెప్పాం. ఆ ప్రశ్న ఎవరూ అడిగించింది కాదు. మరుసటి ఏడు నుంచి పాడేవాళ్లే మమ్మల్ని పిలిచి, పాటలో ఈ పేరు సరిగ్గా ఉందా, ఈ ముచ్చట నిజమేనా అని అడగడం మొదలైంది.

పాటలు, వాయిద్యాల సంగతికి వస్తే, ఉలమాలో (మత పండితుల్లో) భేదాభిప్రాయం నిజంగానే ఉంది. మీ పెద్దల అభ్యంతరాన్ని మొండితనం అనుకోకండి. చిష్తీ సూఫీలు సమాను (భక్తి గానాన్ని) ఆదరించారు. వాయిద్యాలు అసలు కూడదనేవాళ్లూ ఉన్నారు. దఫ్ (చేత్తో వాయించే పలక) వరకు పర్వాలేదనేవాళ్లు చాలామంది. ఊళ్లో గొడవ లేకుండా పని జరగాలంటే గొంతు, దఫ్ రెండింటితో సరిపెట్టుకోండి. దానివల్ల మీకు నష్టం లేదు, మాట స్పష్టంగా వినపడుతుంది.

మీరు బుర్రకథ అన్నారు చూడండి, అది నాకు అన్నిటికన్నా నచ్చింది. బుర్రకథను తెలుగునాట ఆ ఎత్తుకు తీసుకెళ్లిన షేక్ నాజర్ గారు గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన దూదేకుల బిడ్డ. ఈ విద్య మన ఇంటిదే. పైగా మన అవసరానికి బాగా సరిపోతుంది. ప్రవక్త (స) పాత్రను ఎవరూ వేయకూడదు, బొమ్మ గీయకూడదు. నాటకంలో, సినిమాలో ఇది పెద్ద చిక్కు. బుర్రకథలో కథకుడు వేషం కట్టి ప్రవక్తగా మారనక్కర్లేదు, నిలబడి కథ చెబితే చాలు. మేం హిజ్రత్ (ప్రవక్త మక్కా వదిలి మదీనా వెళ్లిన) ఘట్టం చేశాం. సౌర్ గుహ, అబూబకర్ (రజి) కంగారు, అల్లాహ్ మనతో ఉన్నాడన్న ధైర్యం. తంబురా పక్కన పెట్టి డక్కీలతోనే నడిపాం. ఒక్క జాగ్రత్త: హాస్యం చెప్పే వంతను పూర్తిగా వదిలేస్తే కథ చప్పబడుతుంది, అలాగే ఉంచితే నోరు జారే ప్రమాదం ఉంది. మేం అతనికి అమాయకంగా ప్రశ్నలడిగే పని ఇచ్చాం. ఊరి జనం మనసులో ఉండే ప్రశ్నలన్నీ అతనే అడిగేశాడు. నవ్వులు వచ్చాయి, అగౌరవం రాలేదు. ముందే స్క్రిప్ట్ మొత్తం ఇమాం సాబ్‌కు చదివి వినిపించాం. ఆయన రెండు చోట్ల ఆధారం లేని ముచ్చట్లు తీయించారు.

వీడియోల గురించి నాకున్న భయం ఒకటి చెప్పాలి. వ్యూస్ ఎక్కువ వచ్చేవి పక్క మతాన్ని చిన్నబుచ్చే వాదనలు, సవాళ్లు. అటు వెళ్లకండి, ఎంత టెంప్టేషన్ ఉన్నా. నిన్నటిదాకా చావిడి దగ్గర మీ పక్కన కూర్చున్న హిందూ మిత్రుడి ఫోన్‌కూ ఆ వీడియో చేరుతుంది. ఇంకొకటి, ఉర్దూ డబ్బింగ్‌లో వచ్చిన తుర్కీ సీరియల్ చూసి మా వీధి పిల్లలు కొన్నాళ్లు బొచ్చు టోపీలు, చెక్క కత్తులతో తిరిగారు. వాళ్లకు గుర్రాలు, యుద్ధాలు గుర్తున్నాయి. నమాజు సమయాలు అడిగితే తెలియవు. ఆకట్టుకునే బొమ్మ ఉంటే దీన్ దానంతట అదే వస్తుందని నేననుకోను. ఈ మధ్య ఏఐతో ప్రవక్తల బొమ్మలు చేసి పంపుతున్నారు, వాటిని ముట్టుకోకండి. వాట్సాప్‌లో వచ్చిన హదీసును ఏ గ్రంథంలో ఉందో చూడకుండా వీడియోలో చెప్పకండి.

మా అనుభవంలో వీడియో కన్నా ఆడియో మేలు. ముఖ్యంగా ఆడవాళ్లకు. మసీదుకు రాలేని అమ్మలు, అక్కలు వంట చేస్తూనో, మిషన్ కుడుతూనో వింటారు. రంజాన్‌లో రోజుకొకటి, నాలుగైదు నిమిషాలు, ఒకే విషయం: పొరుగువాడి హక్కు, జకాత్ (తప్పనిసరి దానం) లెక్క, కోపం వస్తే ఏం చేయాలి, ఇలా. చదివింది మా ఊరి టీచరమ్మ ఒకావిడ, మా యాసలోనే. ఆ గ్రూపులో మగవాళ్లకన్నా ఆడవాళ్ల ప్రశ్నలే ఎక్కువ వచ్చాయి. మహర్ (పెళ్లిలో భర్త భార్యకిచ్చే సొమ్ము), ఆస్తిలో కూతురి వాటా గురించి మసీదులో ఎవరూ అడగని ప్రశ్నలు అక్కడ అడిగారు. వాటికి జవాబులు మేం సొంతంగా చెప్పలేదు, ఆలిమ్‌ను (మత పండితుణ్ని) అడిగి, ఆయన చెప్పింది తెలుగులో పెట్టాం. మీరూ అలాగే చేయండి.

మీరు ఇప్పుడే మొదలుపెడుతున్నారు కాబట్టి ప్రవక్త పుట్టిన రబీఉల్ అవ్వల్ నెలను లక్ష్యంగా పెట్టుకుని ఒక్క బుర్రకథ ఘట్టం తయారు చేసుకోండి. మీ ఊళ్లో పీర్ల పాటలు పాడేవాళ్లలో ఒకరిని తప్పకుండా జట్టులోకి తీసుకోండి, ఆయన ముస్లిం కాకపోయినా సరే. రాసింది ముందు ఇమాం సాబ్‌కు చూపించండి. తర్వాత చదువు రాని పెద్దావిడ ఎవరికైనా వినిపించి, ఆమె ఎక్కడ ఆపి అడిగితే అక్కడ తిరగరాయండి. కావాలంటే మా హిజ్రత్ ఘట్టం స్క్రిప్ట్ పంపిస్తాను. మీ యాసలోకి మార్చుకోవడం మాత్రం మీరే చేసుకోవాలి.